కాళ్ళు వాస్తే గుండె ఎందుకు చూస్తారు?

"కాళ్ళకు నీరు దిగింది, మందు రాయండి" అంటూ ఓ.పి.కి వచ్చేవారు ప్రతి వారం ఉంటారు. డాక్టరుగారు పాదం మీద వేలితో నొక్కి చూస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత మెడలో నరాలు చూస్తారు, గుండె మీద స్టెతస్కోపు పెడతారు, వీపు వైపు ఊపిరి వింటారు, పడుకోబెట్టి పొట్ట నొక్కుతారు, మూత్రం పరీక్షకు పంపిస్తారు. మధ్యలో "రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారు?" అని అడుగుతారు. వెంట వచ్చినవారికి విసుగు పుడుతుంది. "కాళ్ళవాపని వస్తే ఇన్ని పరీక్షలెందుకమ్మా?" అని నర్సును పక్కకు పిలిచి అడిగేవారూ ఉన్నారు.

అడగవలసిన ప్రశ్నే అది. దానికి జవాబు చెప్పాలంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తనాళాలు ఎలా పనిచేస్తాయో చెప్పాలి. వీటితోపాటు చాలామంది పేరు కూడా వినని మరో వ్యవస్థ గురించి కూడా చెప్పాలి. బడిలో వీటిని ఒక్కొక్క పాఠంగా విడివిడిగా చదువుకున్నాం. శరీరంలో మాత్రం ఇవన్నీ ఒకే నీటిని పంచుకుంటాయి. ఒకటి అలసిపోతే ఆ నీరు వెళ్ళి ఇంకోచోట తేలుతుంది. ఎక్కువసార్లు తేలేది కాళ్ళలోనే, ఎందుకంటే నీరు పల్లానికే పోతుంది.

ఒంట్లో నీరు ఎక్కడెక్కడ ఉంటుంది?

60 కిలోల బరువున్న మగమనిషి ఒంట్లో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుంది. ఆడవారిలో కొంచెం తక్కువ. దీనిలో మూడింట రెండు వంతులు కణాల లోపలే ఉంటుంది. మిగిలిన 12 లీటర్లలో దాదాపు 3 లీటర్లు రక్తంలో తిరుగుతుంటాయి. మిగతాది కణాలకీ కణాలకీ మధ్య ఖాళీల్లో, తడిమట్టిలో తేమలా, ఉంటుంది. వాపు అంటే ఈ మధ్యలో ఉండే నీరు పెరగడమే.

డెల్టాలో వ్యవసాయం తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పంటకాలువలో నీరు పారితే చాలదు, మట్టిలోకి ఇంకి మొక్క వేరుకు అందాలి. ఎక్కువైన నీరు మురుగుకాలువలోకి దిగిపోవాలి. శరీరంలో పంటకాలువల చివర ఉండే పిల్లకాలువలే కేశనాళికలు. అవి వెంట్రుక కన్నా ఎంతో సన్నం. గుండె పంపే ఒత్తిడికి వాటి గోడల్లోంచి కొంత నీరు, దానితోపాటు ఆహారం బయటికి ఊరి కణాలకు అందుతాయి. మరి నీరంతా అలా ఊరిపోకుండా ఆపేదేమిటి? రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్. అది నీటిని రక్తనాళంలోనే పట్టి ఉంచుతుంది. ఒకవైపు తోసే ఒత్తిడి, మరోవైపు పట్టి ఉంచే ప్రోటీన్, ఈ రెంటి మధ్య తూకం మీదే అంతా నడుస్తుందని ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త 1896లో వివరించాడు. ఈనాటికీ వైద్య విద్యార్థులు వాపు గురించి మొదట నేర్చుకునేది ఇదే.

ఇప్పుడు ఆలోచించండి. కాలు వాయాలంటే ఏం జరగాలి? నాళంలో ఒత్తిడి పెరగాలి, లేదా ప్రోటీన్ తగ్గాలి, లేదా మురుగుకాలువ మూసుకుపోవాలి, లేదా ఒంట్లో మొత్తం ఉప్పూ నీరూ ఎక్కువ కావాలి. డాక్టరుగారు చేసే పరీక్షలన్నీ వీటిలో ఏది జరిగిందో తెలుసుకోవడానికే.

గుండె: ఒక మోటారు కాదు, రెండు

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. అది ఒకే కండ అయినా లోపల పక్కపక్కనే రెండు మోటార్లు ఉన్నట్టు లెక్క. కుడివైపుది ఒంటినుంచి తిరిగివచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకొచ్చిన రక్తాన్ని ఎడమవైపుది ఒళ్ళంతా పంపుతుంది.

ఎడమవైపు బలహీనపడితే రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అక్కడి గాలి సంచుల్లోకి నీరు ఊరుతుంది. మనిషి వెల్లకిలా పడుకుంటే కాళ్ళలోని రక్తం కూడా ఛాతీలోకి వచ్చి చేరుతుంది కనుక ఆయాసం ఎక్కువవుతుంది. లేచి కూర్చుంటే కాస్త తెరిపి. రాత్రి రెండు గంటలకు లేచి కిటికీ దగ్గర కూర్చునేవారు, ఒక దిండు చాలక మూడు దిండ్లు ఎత్తుపెట్టుకునేవారు ఇందుకే అలా చేస్తారు. దిండ్ల ప్రశ్న వెనక ఉన్న సంగతి ఇదే. దీన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి సరిపెట్టుకునేవారు చాలామంది. దయచేసి అలా చేయకండి.

కుడివైపు బలహీనపడితే ఒంటినుంచి వచ్చే రక్తం లోపలికి పోలేక వెనక నిలుస్తుంది. మెడలో నరం ఉబ్బి కనబడుతుంది, కాలేయం పెరిగి పక్కటెముకల కింద బరువుగా ఉంటుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. మంచంపట్టిన మనిషికైతే పాదాల్లో కాక నడుము కింద, పిర్రల పైన వాపు వస్తుంది. పడుకున్నవారికి పల్లం అదే కదా. అందుకే వార్డులో రోగిని పక్కకు తిప్పి నడుము దగ్గర నొక్కి చూస్తారు.

మూత్రపిండానికి కళ్ళు లేవు

ఈ పాఠంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన భాగం ఇది. గుండె జబ్బులో నీరు పట్టడానికి గుండె ఒక్కటే కారణం కాదు. సగం పని మూత్రపిండాలు చేస్తాయి, అదీ మంచి ఉద్దేశంతోనే.

పిడికిలంత ఉండే రెండు మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. రక్తంలో ఉన్న ద్రవం 3 లీటర్లే కదా అంటారేమో, దాన్నే రోజుకు 60 సార్లు వడగట్టినట్టు. ఇందులో లీటరున్నర మాత్రమే మూత్రంగా పోతుంది, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది. ఎంత ఉప్పు ఉంచాలి, ఎంత నీరు వదలాలి అని నిర్ణయించేది మూత్రపిండమే. కానీ ఒంట్లో ఎంత నీరుందో దానికి కనబడదు. తన దగ్గరికి ఎంత రక్తం, ఎంత ఒత్తిడితో వస్తోందో అది మాత్రమే తెలుస్తుంది.

వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు, కాన్పులో రక్తం పోయినప్పుడు మూత్రపిండాలకు రక్తం తక్కువగా అందుతుంది. వెంటనే అవి ఉప్పునూ నీటినీ బిగపట్టుకుంటాయి, మూత్రం తగ్గుతుంది. ఆ ఏర్పాటు ప్రాణం నిలబెడుతుంది. గుండె సరిగా తోడలేనప్పుడు కూడా మూత్రపిండాలకు రక్తం తక్కువే అందుతుంది. కాళ్ళలో నాలుగు లీటర్ల నీరు నిలిచి ఉన్నా, మూత్రపిండం మాత్రం "ఒంట్లో నీరు ఎండిపోతోంది" అనుకుని ఇంకా బిగపడుతుంది. వాపు ఇంకా పెరుగుతుంది. గుండె జబ్బుకు మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఎందుకిస్తారని అడిగేవారికి జవాబు ఇదే. ఆ మాత్ర పనిచేసేది గుండె మీద కాదు, మూత్రపిండం మీద.

మూత్రపిండమే చెడినప్పుడు వాపు వేరుగా ఉంటుంది. దాని జల్లెడకు చిల్లులు పడితే ఆల్బుమిన్ మూత్రంలో పోతుంది. రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్ తగ్గి నీరు బయటికి ఊరుతుంది. లండన్‌లో గైస్ ఆసుపత్రిలో పనిచేసిన రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు 1827లో ఈ సంబంధాన్ని లోకానికి చెప్పాడు. ఒళ్ళు వాచిన రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడిచేస్తే, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగా గడ్డకట్టేది. ఇప్పుడు అదే పరీక్షను రంగు మారే చిన్న పట్టీతో ఒక నిమిషంలో చేస్తాం. ఇంట్లోనూ ఒక గుర్తు కనబడుతుంది: మూత్రం సబ్బు నురగలాగా వచ్చి చాలాసేపు ఆ నురగ పోకుండా ఉంటే చూపించుకోవాలి.

మూత్రపిండాల వాపు చాలాసార్లు పొద్దున లేవగానే కళ్ళచుట్టూ కనబడుతుంది. అక్కడి చర్మం వదులు. చిన్నపిల్లల్లో ఇది మరీ తరచుగా చూస్తాం. నిద్ర ఎక్కువైందనో, ఏదో కుట్టిందనో తల్లులు వారం రోజులు ఊరుకుంటారు, తర్వాత పొట్ట, కాళ్ళు కూడా వాస్తాయి. ఇది పిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్ కావచ్చు. చాలామంది పిల్లలకు ప్రెడ్నిసొలోన్ మాత్రలతో బాగా తగ్గుతుంది. అయితే వాపు తగ్గిందని మధ్యలో మానేయకూడదు. మళ్ళీ వచ్చే స్వభావం ఉన్న జబ్బు కాబట్టి డాక్టరుగారు చెప్పినన్నాళ్ళు వాడాలి. పసరు మందుల కోసం తిప్పడంలో పోయే రోజులు పిల్లవాడికే నష్టం.

షుగరు, బి.పి. ఉన్నవారిలో మూత్రపిండాలు చప్పుడు లేకుండా చెడతాయి. చాలాభాగం పాడయ్యేదాకా నొప్పి ఉండదు. కాబట్టి వాపు రాకముందే ఏడాదికొకసారైనా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి.

కాలేయం

కాలేయం చేసే పనులు చాలా ఉన్నాయి. ఈ పాఠానికి కావలసినవి రెండు. ఒకటి, పైన చెప్పిన ఆల్బుమిన్ తయారయ్యేది కాలేయంలోనే. రెండు, పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందు కాలేయంలోంచి వడిసి ఆ తర్వాతే గుండెకు పోతుంది. కాలేయం గట్టిపడితే ఆ దారి ఇరుకవుతుంది, పొట్టలోని నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కాలేయ జబ్బులో సాధారణంగా ముందు పొట్ట పెరిగి, కాళ్ళు తర్వాత వాస్తాయి. పాతవారు జలోదరం అన్నది దీన్నే.

కాలేయం గట్టిపడిందనగానే తాగుడే కారణమని బంధువులు తీర్మానం చేసేస్తారు. తాగుడు పెద్ద కారణమే. కానీ హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల, షుగరుతో వచ్చే కొవ్వు కాలేయం వల్ల కూడా ఇలా అవుతుంది. జన్మలో చుక్క ముట్టనివారిని కూడా ఈ వార్డులో చూస్తుంటాం.

ఎవరికీ గుర్తురాని మురుగుకాలువ

కేశనాళికల నుంచి ఊరిన నీటిలో మిగిలిపోయినదాన్ని తోడి తిరిగి రక్తంలో కలిపే సన్నని గొట్టాల వ్యవస్థ ఒకటి ఒళ్ళంతా ఉంది. దాన్ని శోషరస వ్యవస్థ అంటారు. రెండు కాళ్ళు, పొట్ట, ఎడమచేయి నుంచి వచ్చే గొట్టాలన్నీ పైకి వచ్చి ఎడమ మెడ ఎముక దగ్గర ఒక సిరలో కలుస్తాయి. దారిలో గజ్జల్లో, చంకల్లో ఉండే బిళ్ళలు సూక్ష్మక్రిములను పట్టుకుంటాయి. కాలికి దెబ్బ తగిలితే గజ్జలో బిళ్ళ కట్టడం అందరికీ అనుభవమే.

ఈ గొట్టాల్లో ఫైలేరియా పురుగులు కాపురం పెడితే వచ్చేదే బోదకాలు. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. కోస్తా జిల్లాల్లో ఈ జబ్బు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. దీనికి వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు వెనక మన తెలుగువాడున్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1940లలో, ఈ మందు బయటికి వచ్చింది. 2004 నుంచి మన దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రల్లో ఇదొకటి. చేతికిస్తే అటక మీద పారేసినవారు ఎందరో! పురుగు మొదట్లోనే చస్తే గొట్టం చెడదు. కాలు ఏనుగు కాలైన తర్వాత మందు ఆ వాపును తీయలేదు. అప్పుడు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, పుండ్లు పడకుండా చూసుకోవడమే పెద్ద వైద్యం. జ్వరంతో కూడిన పోట్లు వస్తే ఆలస్యం లేకుండా రావాలి.

కొన్ని వాపులకు జబ్బే ఉండదు

పాదం నుంచి గుండె వరకు రక్తం ఎదురెక్కాలి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, సిరల్లోని కవాటాలు అది కిందికి జారకుండా ఆపుతాయి. రోజంతా నిలబడే పంతుళ్ళు, కుట్టుమిషను మీద కూర్చునేవారు, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసినవారు పిక్కను కదిలించరు కనుక సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి. కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గిపోతుంది. దీనికి భయం లేదు.

మందుల వల్ల వచ్చే వాపులూ ఉన్నాయి. బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి. అది కిడ్నీ చెడిన గుర్తు కాదు. మాత్ర మీరే మానకుండా డాక్టరుగారికి చెబితే మోతాదో, మందో మారుస్తారు. అంతకన్నా చిక్కు మోకాళ్ళ నొప్పులకు నెలల తరబడి మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలతో. అవి మూత్రపిండానికి రక్తం తగ్గించి ఉప్పును బిగపట్టిస్తాయి. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే నొప్పుల మందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు, దానివల్ల ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది.

ఇక మందుల షాపులో అడిగి "నీరు తీసే మాత్ర" వేసుకోవడం. గుండె జబ్బులో అది ప్రాణదాత. బోదకాలుకు, నిలబడడం వల్ల వచ్చిన వాపుకు అది పనికిరాదు. పైగా పరీక్ష లేకుండా వాడితే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

మరి బార్లీ నీళ్ళో? గలిజేరాకు కూరో? తినవచ్చు, వాటి మీద మాకు కోపం లేదు. అయితే అవి కారణాన్ని తీయలేవు. నీరు తక్కువ తాగమని చెప్పిన గుండె రోగికి బార్లీ నీళ్ళు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తాయి. మూత్రపిండాలు బాగా చెడినవారికి ఆకుకూరల్లో, కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం ప్రమాదం.

నిజంగా పనిచేసే ఇంటివైద్యం ఉప్పు తగ్గించడం. మన ఒంటి ద్రవంలో లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే బయటికి పోలేక నిలిచిన ప్రతి 9 గ్రాముల ఉప్పూ తనతో ఒక లీటరు నీటిని కూర్చోబెట్టుకుంటుంది. ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా, చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు ఉన్న భోజనం ఒక్క పూటలో ఆ లెక్క దాటేస్తుంది. సైంధవ లవణం కూడా ఉప్పే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ రోగులు అడగకుండా వాడకూడదు.

ఆగకుండా రావలసిన వాపులు

ఒక్క కాలే అకస్మాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తికి పోతే ప్రాణాపాయం. ఆ కాలిని మర్దన చేయవద్దు. కాన్పు అయినవారు, ఆపరేషను తర్వాత మంచాన ఉన్నవారు ముఖ్యంగా జాగ్రత్త.

గర్భిణికి నెలలు నిండేకొద్దీ పాదాలు కొద్దిగా వాయడం మామూలే. ముఖం, చేతులు కూడా ఉబ్బి, తలనొప్పి, కళ్ళు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే బి.పి. పెరిగిందేమో అదే రోజు చూడాలి. ఆలస్యమైతే గుర్రపువాతం వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ అపాయం. "కడుపుతో ఉన్నప్పుడు ఎవరికైనా కాళ్ళు వాస్తాయిలే" అని అత్తగారో అమ్మగారో అన్నా సరే, బి.పి. చూపించాకే ఆ మాట నమ్మండి.

వాపుతో ఆయాసం ఉన్నా, మూత్రం బాగా తగ్గిపోయినా రాత్రయినా రావచ్చు.

గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులతో వైద్యం పొందుతున్నవారు ఇంట్లో బరువు చూసుకోవాలి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్ళి వచ్చాక, ఏమీ తినకముందు, ఒకే త్రాసు మీద చూసి కాగితం మీద రాయండి. కంటికి వాపు కనబడేసరికే ఒంట్లో రెండు మూడు లీటర్ల నీరు అదనంగా చేరి ఉంటుంది, త్రాసు దాన్ని ముందే పట్టిస్తుంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే తారీఖు దాకా ఆగవద్దు. వచ్చేటప్పుడు ఆ కాగితం, పొద్దుటి తొలి మూత్రం శుభ్రమైన సీసాలో కొంచెం, వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. నొప్పులకు అప్పుడప్పుడు వేసుకునేవి కూడా ఆ సంచిలో ఉండాలి.